కళ్ళల్లో కాసింత రోష్నీ

మా ఇళ్ళల్లో దయ్యం అనే మాట పెద్దగా వాడరు. ఎవరికైనా మందులకు తగ్గని జ్వరం వచ్చి, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే "సాయా హువా" అంటారు. నీడ పడిందని. జిన్నాత్, ఆసేబ్, బలా అని ఇంకా మాటలున్నాయిగానీ, పలమనేరు గల్లీల్లో నానీల నోట, దాదీల నోట నేను ఎక్కువగా విన్నది సాయానే. వింతేమిటంటే దువాలో కూడా ఇదే మాట వస్తుంది. "బుజుర్గోఁ కా సాయా సర్ పర్ సలామత్ రహే" అంటాం. పెద్దల నీడ తలమీద చల్లగా ఉండాలని. ఉర్దూ మీడియం బడిలో పాఠం మధ్యలో "దరఖ్త్ కా సాయా" అని వస్తే పిల్లలం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఉస్తాద్ చెప్తున్నది చెట్టు కింది చల్లదనం గురించా, చింతచెట్టు మీద కూర్చున్నదాని గురించా అని. కాపాడేదీ ఆ నీడే, ఖౌఫ్ పుట్టించేదీ ఆ నీడే.

పర్దా కూడా అలాంటి మాటే. వాకిలికి వేలాడేది పర్దా. అమ్మీ, ఆపా పాటించేది పర్దా. సినిమా హాల్లో తెల్లగా పరుచుకున్న తెర కూడా పర్దానే. హారర్ సినిమా అంటే మా భాషలో పర్దా మీద పడే సాయా. అంతే. ఈమధ్య ఈ రెండు మాటలూ కలిసి మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ పెట్టాయి.

మా భాయ్ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. నలుగురు దోస్తులతో కలిసి ఫోన్లో షార్ట్ ఫిల్మ్ తీస్తానని తిరుగుతున్నాడు. హారర్ అట. ఒక జుమ్మా రోజు నమాజ్ చదివి వచ్చి అన్నం తింటున్నప్పుడు పక్కన చేరాడు.

"చాచా, దాదీది పాత బుర్ఖా ఒకటి ఇప్పియ్యండి."

"ఎందుకురా?"

"దయ్యానికి."

పక్కనే చాటలో బియ్యం ఏరుతున్న అమ్మీ తల ఎత్తకుండానే అనింది: "దయ్యానికి పర్దా ఎందుకురా? దానికి గూడా సిగ్గుంటుందా?"

అందరం నవ్వాం. వాడి చెల్లెలు మాత్రం నవ్వలేదు. పళ్ళెం తీసుకుని లేచి లోపలికి పోయింది.

సంగతి తర్వాత భాభీ చెప్పింది. ‘మసూద’ సినిమా ఓటీటీలోకి వచ్చిన కొత్తలో ఈ పిల్ల చదివే చోట కొందరికి ఒక ఆట దొరికిందట. తను బుర్ఖాలో మెట్లెక్కి వస్తుంటే లైటు ఆర్పేసి "మసూద వచ్చింది" అని అరవడం. కొట్టలేదు, తిట్టలేదు. ఎవరికి చెప్పినా "జోక్ కదమ్మా" అనే అంటారు. అందుకే చాన్నాళ్ళు ఇంట్లో కూడా చెప్పలేదు. అందరూ క్లాసుల్లోకి వెళ్ళేదాకా కిందే ఆగి, ఆఖరున ఒక్కతే మెట్లెక్కేదట.

"బుర్ఖా లేదు, ఏం లేదు, పో" అని వాణ్ణి పంపించేయొచ్చు. ఒక్క "గునాహ్" అనే మాటతో బహస్ మూసేయొచ్చు. కానీ వాడు దురుద్దేశంతో అడగలేదు. వాడికి సినిమా పిచ్చి. మంచి షాట్ కోసం అడిగాడు. కాబట్టి జవాబు కూడా షాట్‌లోనే చెప్పాలనుకున్నాను. పేపర్లో కొన్నేళ్ళు సినిమా పేజీ చూసిన అనుభవం దీనికైనా పనికొస్తుందని, ఆ ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టుకున్నాను.

మొదట సినిమాల గురించి చెప్పలేదు. ఏనుగుల గురించి చెప్పాను.

సస్పెన్స్ అంటే ఏమిటో పలమనేరు రైతుకి ఏ డైరెక్టరూ నేర్పక్కర్లేదు. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం 1980లలో మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇన్నేళ్ళయినా అడవి అంచున మామిడితోటకో టమోటా చేనుకో రాత్రి కాపలా ఉండే మనిషికి నిద్ర లేదు. న్యూస్ కోసం వెళ్ళి నేనూ అలాంటి తోటల్లో కూర్చున్నాను. ఎక్కడో ఒక కొమ్మ ఫట్‌మని విరుగుతుంది. తర్వాత ఏమీ ఉండదు. టార్చి వేస్తే ఎదురుగా గుండ్రంగా వెలుగు. ఆ గుండ్రంలో నాలుగు ఆకులు, కాస్త మట్టి. ఏనుగు అందులో ఉండదు. కానీ టార్చి వెయ్యకముందు అంతా ఒకే రకం చీకటి. టార్చి వేశాక చీకటికి ఒక అంచు వస్తుంది. ఇక ఆ అంచు అవతలే ఏనుగుంది. ఎంత పెద్దదో, ఎటు తిరిగి ఉందో మన గుండె చెప్తుంది. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "టార్చి వేస్తే భయం, వెయ్యకపోతే ఇంకో భయం. రెండూ ఒకటి కాదు సార్."

ఈ మాట రాసి పెట్టుకోరా, అన్నాను మావాడితో. ఫ్రేమ్ అంటే టార్చి వెలుగే. నువ్వు చూపించేది నాలుగు ఆకులు. నువ్వు చెప్పేది ఏనుగు గురించి. కనిపించనిదాన్ని మనవాళ్ళు ఘైబ్ అంటారు. అంత పెద్ద మాటని సినిమాకి వాడుతున్నందుకు మాఫ్ చేయండిగానీ, షాట్‌లో కూడా నజర్‌కి అందేది ఒకటి, ఘైబ్‌లో ఉండేది ఒకటి ఉంటాయి. హారర్ అంతా ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీస్తావన్నదే.

హిచ్‌కాక్ దీన్నే ఇంకో రకంగా చెప్పేవాడు. టేబుల్ కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా పేలిస్తే కొన్ని సెకన్ల షాక్ మిగులుతుంది. ముందే చూపించి, పైన కూర్చున్నవాళ్ళ చేత మామూలు కబుర్లు చెప్పిస్తే నిమిషాల తరబడి సస్పెన్స్ నిలుస్తుంది. మన మాటలో చెప్పాలంటే ఉలికిపాటు వేరు, ఇంతెజార్ వేరు. ఉలికిపాటుకి పెద్ద సౌండు చాలు. ఇంతెజార్‌కి మాత్రం వెలుగు ఎక్కడ పెట్టాలో, మనిషిని ఫ్రేమ్‌లో ఎక్కడ నిలబెట్టాలో తెలియాలి.

వెలుగు సంగతి వాడికి వంటింట్లో చూపించాను. కిటికీ మూసి, ఒక కొవ్వొత్తి నేలమీద పెట్టి, అమ్మీని దాని ముందు కూర్చోమన్నాను. "క్యా తమాషా రే యే" అంటూనే కూర్చుంది. సూర్యుడైనా బల్బైనా మనకి పైనుంచే వెలుగిస్తాయి. మొహాల్ని అలా చూడటానికే మన కళ్ళు అలవాటు పడ్డాయి. అదే వెలుగు కింద నుంచి వస్తే ముక్కు నీడ నుదుటి వైపు లేస్తుంది, కనుబొమ్మల పైన చీకటి కడుతుంది. రోజూ అన్నం పెట్టే మొహమే కొత్తగా కనిపిస్తుంది. తర్వాత కొవ్వొత్తిని పక్కకు జరిపాను. సగం మొహం వెలుగు, సగం చీకటి. సినిమావాళ్ళు మొహానికి ముఖ్యంగా ఒక లైటు పెడతారు, అది కీ లైట్. దాని వల్ల పడే నీడల్ని పలచన చెయ్యడానికి ఇంకోటి పెడతారు, అది ఫిల్ లైట్. హారర్‌లో చేసే మొదటి పని ఆ ఫిల్ తీసేయడం. అప్పుడు మిగతా సగం మొహంలో ఏముందో మనమే నింపుకుంటాం.

ఈ విద్యలో 1920లలోనే ఉస్తాదులు జర్మన్లు. 1922లో మూర్నౌ తీసిన ‘నోస్‌ఫెరాతు’లో రక్తం తాగేవాడు మెట్లెక్కి వస్తుంటే వాడి ఒళ్ళు కనిపించదు, గోడమీద వాడి నీడ ఎక్కుతుంది. వేళ్ళు పొడుగై తలుపు దాకా సాగుతాయి. అదే దేశంలో, మ్యూనిక్‌లో కెమెరా నేర్చుకున్న జోసెఫ్ విర్షింగ్ తర్వాత బొంబాయి వచ్చి బాంబే టాకీస్‌లో స్థిరపడ్డాడు. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన ‘మహల్’కి కెమెరా ఆయనే.

‘మహల్’ పేరు చెప్పగానే అమ్మీ మొహం మారిపోయింది. మన ఇళ్ళల్లో ఆ తరానికి ఆ సినిమా అంటే లతా మంగేష్కర్ గొంతు, మధుబాల మొహం. నేను మావాడికి చెప్పింది ఇంకోటి. అందులో పాడుబడ్డ మహల్, ఊగే ఉయ్యాల, దూరాన పాట, వెలుగు ఒక క్షణం పడి తప్పుకునే ఒక ఆడమనిషి. అందరూ ఆమెను రూహ్ అనే అనుకుంటారు. చివరికి తేలేదేమిటంటే ఆమె తోటమాలి కూతురు. ప్రాణమున్న పిల్ల. విర్షింగ్ లైటు ఆమెను ఒక పక్క నుంచి తాకి వదిలేసినంతసేపూ రూహ్. మొహం నిండా వెలుగు పడ్డాక ఒక పేద పిల్ల. మనిషి మారలేదు, లైటు జరిగింది. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇందులోనే ఉందిగానీ, వాడు ఇంకా బుర్ఖా దగ్గరే ఉన్నాడు. అందుకే ముందుకు వెళ్ళాను.

కంపోజిషన్ అంటే చాలామంది అందం అనుకుంటారు. హారర్‌లో కంపోజిషన్ అంటే ఖాళీ జాగా ఎక్కడ వదలాలన్న లెక్క. 1978లో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ తీశాడు. అందులో హీరోయిన్ ఏడుస్తూ ఒక తలుపు పక్కన నిలబడుతుంది. ఫ్రేమ్‌లో సగం ఆమె, సగం తలుపు లోపలి చీకటి. ఏమీ జరగదు. మెల్లగా, చాలా మెల్లగా ఆ చీకట్లోంచి ఒక తెల్ల మాస్కు తేలి వస్తుంది. కెమెరామన్ డీన్ కండీ ఆ మాస్కు మీద చిన్న లైటు పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. మన కన్ను చీకటికి అలవాటు పడ్డట్టే అనిపిస్తుంది. ఆమె వెనక్కి తిరిగి చూడదు. మనకి తెలుసు, ఆమెకి తెలీదు. టేబుల్ కింద బాంబు అంటే ఇదే.

1961లో వచ్చిన ‘ది ఇన్నోసెంట్స్’కి వెడల్పాటి సినిమాస్కోప్ ఫ్రేమ్ వాడాల్సి వచ్చింది. వెడల్పు ఎక్కువైతే అంతా కనిపిస్తుంది, ఇంక భయమెక్కడ? కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఫిల్టర్ల అంచులకు రంగు పూయించి, ఫ్రేమ్ రెండు పక్కలా చీకటి కట్టించాడు. మధ్యలో కొవ్వొత్తి పట్టుకున్న ఆడమనిషి, చుట్టూ నల్లటి గోడలా అంచులు. తోటలో టార్చి గుండ్రం గుర్తుందా అని మావాణ్ణి అడిగాను. తల ఊపాడు.

ఇంకా చౌకైన ఇల్మ్ 1942 నాటి ‘క్యాట్ పీపుల్’లో ఉంది. బడ్జెట్ తక్కువ. ఈత కొలనులో రాత్రిపూట ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. నీళ్ళ మీద పడ్డ వెలుగు గోడల మీద, కప్పు మీద అలలు అలలుగా ఊగుతుంది. ఎక్కడో ఒక గుర్రు. చిరుతపులి ఆ షాట్లలో కనిపించదు. కదిలే నీడలన్నీ పులిలాగే ఉంటాయి. ఇక ఫోన్లో తీసేవాళ్ళకైతే 2007 నాటి ‘పారానార్మల్ యాక్టివిటీ’ ఉండనే ఉంది. సుమారు 15,000 డాలర్లతో తీశారు. మంచం ఎదురుగా కదలని కెమెరా. ఒక పక్క ఒక జంట నిద్ర, ఇంకో పక్క తెరిచి ఉన్న తలుపు, దాని అవతల చీకటి వరండా. కెమెరా ఎటూ తిరగదు కాబట్టి మన కళ్ళే తిరుగుతుంటాయి, ఆ తలుపు దగ్గరికి పోయి వస్తుంటాయి.

"ఇవన్నీ బానే ఉన్నాయి చాచా. మన తెలుగులో లేవా?" అన్నాడు.

లేకేం. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ తీశాడు, హిందీలో ‘రాత్’. రేవతి, ఓంపురి. కెమెరా తేజ, తర్వాత డైరెక్టర్ అయిన తేజనే. అందులో కెమెరా తనంతట తాను నడుస్తుంటుంది. ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలీదు. చూస్తున్నది ఎవరో తెలియనప్పుడు మామూలు ఇల్లు కూడా మామూలుగా ఉండదు.

2009లో వచ్చిన ‘అరుంధతి’ సంగతి ఇంకా దగ్గరిది. కోడి రామకృష్ణ డైరెక్షన్, సెంథిల్ కుమార్ కెమెరా. పశుపతిని సమాధి చేసిన ఆ కోట బయటి భాగం ఎక్కడిదో తెలుసా? బనగానపల్లె నవాబుల బంగ్లా. మనం మామిడిపండుకి పెట్టుకున్న పేరు ఆ ఊరిదే. 1948 దాకా ముసల్మాన్ నవాబుల సంస్థానం అది. ఎవరో బేగమ్‌లు, పిల్లలు, వంటవాళ్ళు తిరిగిన ఇల్లు. ఇప్పుడు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి అది నవాబు బంగ్లా కాదు, అరుంధతి బంగ్లా. కెమెరాని నేలకి దించి పైకి చూపిస్తే, వెనక ఆకాశాన్ని నల్లబరిస్తే ఎంత ఇల్లయినా మనమీదకి ఒరుగుతుంది. ఒక సినిమా తీసేసి వెళ్ళిపోయింది, పేరు అక్కడే ఉండిపోయింది. షాట్‌కి అంత తాకత్ ఉందని మావాడికి తెలియాలనే ఈ ఊసెత్తాను. పర్దా మీద పడ్డ సాయా హాలు బయటికి రాదనుకోవడం అమాయకత్వం.

అదే సినిమాలో అరుంధతికి సాయం చేసేది అన్వర్ అనే ఫకీరు, షాయాజీ షిండే. తెలుగు హారర్‌లో ముసల్మాన్ ఎక్కువగా ఇలాగే వస్తాడు. పచ్చ గుడ్డ, పొగ, తావీజ్. మంచివాడే. కానీ ఆయన కూడా రాత్రే వస్తాడు. పొద్దున్నే పాలు పోయించుకుంటూ, కరెంటు బిల్లు కట్టడానికి లైన్లో నిలబడి, టమోటా రేటు పడిపోయిందని మదనపల్లె మార్కెట్ నుంచి గొణుక్కుంటూ వచ్చే ముసల్మాన్ మీద ఈ కథల్లో లైటు పడదు.

ఇక ‘మసూద’. 2022 నవంబర్ 18న విడుదలైంది. సాయికిరణ్ డైరెక్షన్, నగేష్ బానెల్ కెమెరా. నేను హాల్లోనే చూశాను. పనితనం తెలిసినవాళ్ళు తీసిన సినిమా అని ఇప్పటికీ అంటాను. ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న టీచరమ్మ, ఆ కూతురు నాజియా, పక్కింటి భయస్తుడు గోపి. తొందరపడకుండా, అపార్ట్‌మెంట్ గదుల్లోనే ఇంతెజార్ కట్టారు. దుష్టాత్మ ముసల్మానే అయినా, దారి చూపే పీర్ బాబా కూడా ముసల్మానే, శుభలేఖ సుధాకర్ వేశారు. ఇన్సాఫ్‌గా ఇవన్నీ చెప్పాలి.

కానీ ఒక్క సాంకేతిక సంగతి ఉంది. మసూద నల్ల బుర్ఖాలో ఉంటుంది. నల్ల గుడ్డ వెలుగుని తాగేస్తుంది, వెనక్కి ఇవ్వదు. చీకటి గదిలో నల్ల గుడ్డ నిలబెడితే గుడ్డ ఎక్కడ ఆగిందో, చీకటి ఎక్కడ మొదలైందో తెలీదు. మామూలుగా అయితే మనిషిని చీకటి నుంచి విడదీయడానికి వెనక నుంచి ఒక లైటు పెడతారు, అది బ్యాక్ లైట్. భుజాల మీద, తలమీద సన్నటి వెలుగు గీత వస్తుంది. అది తీసేస్తే మనిషికి హద్దు పోతుంది. మేకప్ లేదు, గ్రాఫిక్స్ లేవు, ఖర్చు లేదు. చీకటే లేచి నడిచి వచ్చినట్టుంటుంది. ఏ కెమెరామన్‌కైనా మనసు లాగుతుంది. మావాడికి లాగిందీ ఇందుకే.

"మరి అంత బాగా కుదిరేదాన్ని వాడితే తప్పేముంది చాచా? నన్‌ల డ్రెస్సులో దయ్యాన్ని పెట్టి హాలీవుడ్‌వాళ్ళు తియ్యలేదా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. వాడికి చెప్పిన జవాబు ఇది. చీకటి ఖాళీ సంచి కాదురా. ప్రేక్షకుడు అందులో తన దగ్గర ముందే ఉన్న భయం వేసి నింపుతాడు. తోటలో చీకటి చూస్తే మనకి ఏనుగు కనిపిస్తుంది, బెంగుళూరు నుంచి వచ్చినవాడికి కనిపించదు. వాడికి ఆ ఖౌఫ్ లేదు. అలాగే బుర్ఖా చీకట్లో నిలబడగానే హాలు నిండా జనం ఉలిక్కిపడ్డారంటే, ఆ భయంలో కొంత వాళ్ళు ఇంటి నుంచే తెచ్చుకున్నారు. నువ్వు పుట్టించింది కొంతే. ఉన్నదాన్ని తట్టి లేపావు. షో అయిపోయాక నీ దయ్యం ఇంటికి పోతుంది. నీ చెల్లెలు అదే బుర్ఖాలో మెట్లెక్కాలి.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడికి మెట్ల సంగతి అప్పటిదాకా తెలీదు.

తర్వాత వాడే అడిగాడు. "అంటే బుర్ఖాని హారర్‌లో పెట్టనే కూడదా?"

పెట్టకూడదని నేను అనలేదు. లైటు ఎక్కడ పెడతావని అడుగుతున్నాను. మొహం మీద పెట్టే లైట్లన్నిటిలోకీ చిన్నది ఐ లైట్. కళ్ళల్లో ఒక చుక్క మెరుపు కోసం పెట్టేది. ఆ చుక్క ఉంటే మనిషి లోపల ఎవరో ఉన్నారనిపిస్తుంది. తీసేస్తే కళ్ళు గుంటలైపోతాయి. 1972లో ‘గాడ్‌ఫాదర్’కి గోర్డన్ విల్లిస్ లైట్లు పైనుంచి కట్టి మార్లన్ బ్రాండో కళ్ళని నీడలో ఉంచాడు. కళ్ళు కనిపించడం లేదని స్టూడియోవాళ్ళు గొడవ చేశారు. విల్లిస్ కావాలనే చేశాడు. ఆ మనిషి ఏమనుకుంటున్నాడో మనకి తెలియకూడదని.

కాబట్టి సూత్రం చాలా చిన్నది. కళ్ళల్లో చుక్క లేకపోతే ఆ ఆకారాన్ని చూసి భయపడతాం. చుక్క ఉంటే ఆ మనిషి కోసం భయపడతాం. నఖాబ్ వేసుకున్న మనిషికి నుదురు, చెంపలు, పెదాలు ఏవీ కనిపించవు. ఉన్నవి కళ్ళే. అంటే ఆమె మనిషా, బలానా అన్నది తేల్చేది ఆ ఒక్క లైటే.

దీనికి ఒక గట్టి నమూనా కూడా చూపించాను. 2016లో బాబక్ అన్వరీ అనే ఇరానీ సంతతి డైరెక్టర్ ఫార్సీలో తీసిన ‘అండర్ ది షాడో’. పేరులోనే సాయా ఉంది. ఇరాన్-ఇరాక్ జంగ్ రోజులు, టెహ్రాన్ మీద మిస్సైళ్ళు. ఒక తల్లి, చిన్న కూతురు, అపార్ట్‌మెంట్‌లో జిన్. ఆ జిన్ పూల పూల చాదర్ రూపంలో గాల్లో లేచి వస్తుంది. చూశావా, చాదరే భయం. కానీ మధ్యలో ఆ తల్లి జిన్‌కి భయపడి పాపని ఎత్తుకుని తలమీద ఏమీ లేకుండా వీధిలోకి పరిగెడుతుంది. అక్కడ పహరావాళ్ళు పట్టుకుని చాదర్ కప్పి, మందలించి పంపిస్తారు. ఇంట్లో జిన్, బయట వాళ్ళు. సినిమా అంతా వెలుగు ఆమె మొహం మీదే, ఆమె కళ్ళ మీదే ఉంటుంది. ఆ గుడ్డ కింద ఒక మనిషి ఊపిరి ఆడక ఉందని మనం ఒక్క నిమిషం కూడా మరిచిపోం. అది కూడా దయ్యం సినిమానే. మనలోని మనిషి తీశాడు. గుడ్డ వాడాడు, మనిషిని పోగొట్టుకోలేదు.

మావాడు వారం రోజులు కనిపించలేదు. వచ్చినప్పుడు కథ మార్చుకుని వచ్చాడు. కరెంటు పోయిన గల్లీలో బుర్ఖా మనిషి ఒకరు నడుస్తుంటుంది. కెమెరా వెనక నుంచి వస్తుంటుంది. చూసేవాళ్ళు ఆమెనే దయ్యం అనుకోవాలి. అలా అనుకునేట్టు రెండు నిమిషాలు నడిపించాలి. తర్వాత కెమెరా చుట్టూ తిరిగి ముందుకొస్తుంది. అప్పుడు తెలుస్తుంది, భయపడుతున్నది ఆమె. ఇంతసేపూ వెంటపడి వస్తున్నది మనం.

బుర్ఖా ఇప్పించాను. అమ్మీ ఉతికి, ఇస్త్రీ చేయించి ఇచ్చింది, "మురికిగా ఉంటే మన ఇంటి పరువు పోతుంది" అని. ఎవరు వేస్తారని అడిగితే వాడి చెల్లెలు తనే వేస్తానంది. ఎవరూ అడగలేదు.

మగ్రిబ్ నమాజ్ అయ్యాక మా గల్లీలోనే తీశారు. మగ్రిబ్ వేళకి పిల్లల్ని ఇంట్లోకి పిలవమని హదీసులో ఉంది. సినిమావాళ్ళు కూడా ఆ వేళనే వెతుక్కుంటారు, ఆకాశంలో కాస్త నీలం మిగిలి, నేలమీద వెలుగు పోయిన ఆ పది ఇరవై నిమిషాల్ని. ఫోన్ కెమెరాతో ఒక తంటా ఉంది. చీకటి కనిపిస్తే అది తనంతట తాను వెలుగు పెంచేసి, అంతా బూడిదరంగు చేసి, చుక్కలు చుక్కలుగా చూపిస్తుంది. తెరమీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి కిందికి లాగమన్నాను. అప్పుడు నలుపు నలుపుగా నిలిచింది. గల్లీ చివర ఒక ఎమర్జెన్సీ లైటు గోడ చాటున పెట్టారు. అదే బ్యాక్ లైట్. పిల్ల భుజాల మీద సన్నటి గీత వచ్చింది, ముందంతా నలుపే. వెనక నుంచి తీస్తుంటే నాకే గుండె జల్లుమంది. మా ఇంటి పిల్ల అని తెలిసి కూడా.

ఆఖరి షాట్‌కి స్టేషనరీ షాపు నుంచి తెచ్చిన తెల్ల థర్మోకోల్ షీటు వాడారు. ఫోన్ టార్చి నేరుగా మొహం మీద కొడితే కళ్ళు చిట్లిస్తుంది. షీటు మీద కొడితే మెత్తగా తిరిగి వస్తుంది. షీటు పట్టుకుని అమ్మీ గడప మీద కూర్చుంది. "ఇంకెంతసేపురా, ఇషాకి అజాన్ అవుతుంది" అని నిమిషానికోసారి అంటోంది, షీటు మాత్రం కదలనివ్వలేదు. కెమెరా తిరిగి ముందుకొచ్చింది. నఖాబ్ పైన రెండు కళ్ళు, రెండిట్లో రెండు తెల్ల చుక్కలు.

ఎడిటింగ్‌లో ఆ షాట్ నాలుగు సెకన్లు పెట్టాడు. కత్తిరించేముందు చెల్లెలికి చూపించాడు. ఆ పిల్ల ఫోన్ చేతిలోకి తీసుకుని మూడుసార్లు చూసింది.

"ఇంకాసేపు ఉంచు భాయ్. వాళ్ళు చూపు తిప్పుకునేదాకా ఉంచు," అనింది.

ఇప్పుడది తొమ్మిది సెకన్లుంది.